క్వీర్ కవిత్వ వర్క్‌షాప్‌లో చేరే ముందు: ఏది ఎవరికి సరిపోతుంది, ఏం అడగాలి

క్వీర్ రచయితల కోసం కవిత్వ వర్క్‌షాప్ అని ప్రకటన వస్తే అందులో నాలుగు సంగతులు ఉంటాయి: ఎవరు నేర్పుతారు, ఎక్కడ, ఎన్ని వారాలు, ఫీజు ఎంత. చేరాక మీ కవిత బాగుపడుతుందా లేదా అన్నది వీటిని బట్టి తేలదు. మీ కవితకు ఎన్ని నిమిషాలు దొరుకుతాయి, దాని గురించి గదిలో ఎలా మాట్లాడతారు, మీరు అక్కడికి వచ్చిన సంగతి ఎవరెవరికి తెలుస్తుంది, ఈ మూడింటిని బట్టి తేలుతుంది. పోస్టర్ మీద ఇవి రాయరు కాబట్టి అడిగి తెలుసుకోవాలి. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లోనూ, చిన్న ఊళ్ళలోనూ, బయటి దేశాల్లోనూ ఉంటూ తెలుగులోనో తెలుగు, ఇంగ్లిష్ కలిపో రాసే గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్, హిజ్రా, నాన్‌బైనరీ (ఆడ, మగ అన్న రెండింటిలోనూ ఇమడని) రచయితలను, అంటే క్వీర్ అన్న మాట కిందకు వచ్చే అందరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్న సలహా ఇది.

ముందు నిమిషాల లెక్క

రెండు గంటల సెషన్ అంటే 120 నిమిషాలు. పలకరింపులకూ, ఆలస్యంగా వచ్చేవాళ్ళకూ 10, అచ్చయిన కవిత ఒకటి చదివి మాట్లాడుకోవడానికి 20, అక్కడే కూర్చుని రాసే అభ్యాసానికి 20, టీకి 10 తీసేస్తే 60 మిగులుతాయి. ఒక కవితను గట్టిగా చదివి, అందరూ మౌనంగా ఇంకోసారి చూసుకుని, ఆ తర్వాత మాట్లాడాలంటే కనీసం 15 నిమిషాలు కావాలి. అంతకన్నా తగ్గితే "బాగుంది", "కొంచెం క్లుప్తంగా ఉంటే బాగుండేది" దగ్గరే ఆగిపోతారు. అంటే సెషన్‌కి 4 కవితలు, ఆరు వారాలకు 24 వంతులు. బృందంలో 8 మంది ఉంటే తలా 3, 12 మంది ఉంటే తలా 2. 20 మంది ఉంటే తలా ఒకటి, ఎవరో నలుగురికి రెండోది.

రెండు వంతులకు తక్కువ దొరికే కోర్సు మీద డబ్బు పెట్టకండి. మొదటిసారి చిత్తుప్రతి తెస్తారు, విన్న మాటలతో దిద్దుతారు. ఆ దిద్దుబాటు ఫలించిందో లేదో రెండో వంతులోనే తెలుస్తుంది. ఒక్క వంతే ఉంటే సలహాలు చేతిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోతారు, వాటిలో ఏది పనికొచ్చేదో తేల్చేవాళ్ళు ఉండరు.

ఫీజునూ ఇలాగే లెక్కేయాలి. ఉదాహరణకు 3,000 రూపాయల కోర్సులో 3 వంతులు వస్తే ఒక్కోటి 1,000. 1,200 రూపాయల వారాంతపు వర్క్‌షాప్‌లో 25 మంది ఉండి, మీ కవిత చూస్తారన్న హామీ లేకపోతే అదే ఖరీదైనది. ఉచిత కోర్సు అయితే డబ్బు ఎవరిస్తున్నారో అడగండి. సాయం చేసే సంస్థలకు లెక్క చూపించాలి కాబట్టి హాజరు పట్టీలో పేరు, ఫోన్ నంబరు, సంతకం, గ్రూప్ ఫోటో అడగడం మామూలు. ఇంట్లో ఇంకా చెప్పని మనిషికి ఆ సంతకం ఫీజుకన్నా బరువు కావచ్చు.

ఏ రకం ఎవరికి

వారం వారం జరిగే మూసిన బృందం, అంటే చేరినవాళ్ళే చివరిదాకా ఉండేది, ఎక్కువ మందికి మంచి ఎంపిక. మొదటి రెండు వారాలు అందరూ జాగ్రత్తగా, ఎవరినీ నొప్పించని కవితలు తెస్తారు. అసలు రాయాలనుకున్నవి మూడో వారం నుంచి వస్తాయి. అందుకే మధ్యలో కొత్తవాళ్ళను చేర్చుకునే కోర్సు నష్టం చేస్తుంది: నాలుగో వారంలో కొత్త ముఖం కనిపిస్తే గది మళ్ళీ మొదటి వారంలోకి వెళ్ళిపోతుంది. "రెండో వారం తర్వాత ఎవరినీ చేర్చుకోం" అన్న జవాబు రావాలి. 12 మందితో మొదలై 7 మందితో ముగియడం సాధారణమే. మిగిలినవాళ్ళకు వంతులు పెరుగుతాయి కాబట్టి దాన్ని చూసి బెంగపడక్కర్లేదు. దసరా, దీపావళి, సంక్రాంతి మధ్యలో పడితే మాత్రం ఆరు వారాలు తొమ్మిది అవుతాయి, ఊపు పోతుంది. తేదీలన్నీ ముందే రాసి ఇచ్చే కోర్సును ఎంచుకోండి.

శని, ఆదివారాల్లో ముగిసే వర్క్‌షాప్ జిల్లాల నుంచి వచ్చేవాళ్ళకు అనుకూలం. రోజుకు 6 పని గంటలు అనుకుంటే మొత్తం 12 గంటలు, ఆరు వారాల కోర్సుతో సమానం. తేడా ఎక్కడంటే, నడుమ దిద్దుకునే సమయం ఉండదు. ఐదారు చిత్తుప్రతులతో తిరిగి వెళ్ళొచ్చు, పూర్తయిన కవిత ఒక్కటీ ఉండకపోవచ్చు. కొంతకాలంగా రాయడం ఆగిపోయినవాళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది. మూడు నాలుగు వారాల తర్వాత దిద్దిన ప్రతులతో ఒక ఆన్‌లైన్ సమావేశం కూడా ఉంటే విలువ రెట్టింపు. ఇంట్లో చెప్పుకోవాల్సిన కారణం సంగతీ ఆలోచించాలి. ఆదివారం రెండు గంటలు స్నేహితుల దగ్గరకు వెళ్ళొస్తానంటే చెల్లుతుంది. రెండు రోజులు ఊరు దాటాలంటే అడిగేవాళ్ళకు సమాధానం సిద్ధంగా ఉండాలి.

ఆన్‌లైన్ కోర్సు దూరాన్ని చెరిపేస్తుంది, ఇంటి గోడలను చెరపలేదు. పక్క గదిలో అమ్మానాన్నలు ఉండగా ప్రేమ కవిత గట్టిగా చదవడం చాలామందికి కుదరదు. మంచి నిర్వాహకులు ఇందుకు ఏర్పాట్లు ముందే చెబుతారు: మీ కవితను ఇంకొకరు చదివిపెట్టడం, మీ వ్యాఖ్యలను చాట్‌లో టైపు చేయడం, కెమెరా ఆపేసి ఉంచినా అడగకపోవడం. "కెమెరా తప్పనిసరి" అని రాసిన కోర్సు మీరు ఇంటి నుంచే చేరాల్సివస్తే మీకు కాదు. ఉచిత జూమ్ ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకు తెగిపోతుంది, గూగుల్ మీట్‌లో ముగ్గురో అంతకు మించో ఉంటే 60 నిమిషాలకు. రెండు గంటల తరగతి మధ్యలో తెగితే చదువుతున్న కవితే తెగుతుంది కాబట్టి ఖాతా ఎలాంటిదో అడగండి. అమెరికాలో ఉన్నవాళ్ళతో కలిసి నడిచే కోర్సులకు ఇక్కడ రాత్రి 8 గంటలు కుదురుతుంది. అప్పుడు వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం 10:30, డల్లాస్‌లో 9:30, కాలిఫోర్నియాలో 7:30. నవంబరులో అక్కడి గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఆ వారం సగం మంది తప్పు సమయానికి వస్తారు.

ఓపెన్ మైక్‌ను వర్క్‌షాప్‌కు బదులుగా తీసుకోవద్దు. హైదరాబాద్‌లో లామకాన్ లాంటి వేదికలు అందరికీ తెరిచి ఉంటాయి, అదే వాటి బలం. చదివే ధైర్యం వస్తుంది, మనుషులు పరిచయమవుతారు. కానీ చప్పట్లు ఏ పాదం బలహీనంగా ఉందో చెప్పవు. పైగా ఎవరి ఫోన్ రికార్డు చేస్తోందో తెలియదు. వర్క్‌షాప్‌లో దిద్దిన కవితను వినిపించడానికి ఓపెన్ మైక్ మంచి చోటు.

విదేశాల్లో వారం రోజులు ఉండి రాసే శిబిరాలు వేరే తరగతి. అమెరికాలో లాంబ్డా లిటరరీ సంస్థ ఎల్‌జీబీటీక్యూ రచయితల కోసం 2007 నుంచి ఇలాంటిది నడిపింది. ఇంగ్లండ్‌లో 1968 నుంచి ఉన్న ఆర్వన్ అనే సంస్థ క్వీర్ రచయితలకే పరిమితం కాదు గానీ, ఊరికి దూరంగా ఒక ఇంట్లో ఉండి రాసే పద్ధతికి పేరున్నది. వీటికి రచనల నమూనా, ఇంగ్లిష్, ప్రయాణ ఖర్చు, అవసరమైతే వీసా కావాలి. అక్కడే ఉంటూ ఇంగ్లిష్‌లో రాసే తెలుగువాళ్ళు ప్రయత్నించాలి. తెలుగులో రాసేవాళ్ళకు మాత్రం అక్కడ కవితను అనువాదంలోనే చూస్తారు, తెలుగు పాదం ఎక్కడ విరగాలో చెప్పేవాళ్ళు దొరకరు.

ఇక క్వీర్ అని పేరు లేని మామూలు తెలుగు కవిత్వ శిబిరాలు. వీటిని కొట్టిపారేయకూడదు. భాష మీద పట్టు, ఛందస్సు, పత్రికలకు పంపే పద్ధతి అక్కడ బాగా దొరుకుతాయి. స్త్రీవాద, దళిత, ముస్లింవాద కవిత్వాలు 1980, 90ల్లో తెలుగు కవిత్వాన్ని మార్చాయి కాబట్టి అస్తిత్వం గురించి రాయడం అక్కడివాళ్ళకు కొత్త కాదు. ఇబ్బంది చదివే తీరులో వస్తుంది. మగవాడు మగవాడి మీద రాసిన ప్రేమ కవితను భక్తిగానో ప్రకృతి ప్రతీకగానో చదివి, మెచ్చుకుని, పక్కన పెట్టేస్తారు. కవితలో ఉన్నది కనపడకుండానే పొగడ్త వస్తుంది. అది తిట్టుకన్నా ఎక్కువ తికమక పెడుతుంది, ఎందుకంటే దేన్ని దిద్దాలో తెలియదు. కాబట్టి పనితనం కోసం అక్కడికి వెళ్ళండి. విషయం మీద తీర్పు కోసం క్వీర్ బృందాన్ని వెతుక్కోండి. రెండూ కుదిరితే, ఒకే కవితను రెండు చోట్లా చూపించి ఏ పాదం దగ్గర వ్యాఖ్యలు విడిపోతున్నాయో గమనించండి. దిద్దుబాటు చాలాసార్లు అక్కడ మొదలవుతుంది.

కవిత గురించి ఎలా మాట్లాడతారు

నేర్పేవాళ్ళ పేరు కన్నా ఈ ప్రశ్న ముఖ్యం. మూడు పద్ధతులు ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటిది అమెరికాలో 1936లో మొదలైన అయోవా వర్క్‌షాప్ పేరుతో వ్యాపించినది: కవి మౌనంగా కూర్చుంటే మిగతావాళ్ళు కవితను విప్పి చర్చిస్తారు. అనుభవం ఉన్నవాళ్ళకు ఇది పదునైన సాధనం, ఎందుకంటే వివరణ ఇచ్చే వీలు లేనప్పుడు కవిత ఒంటరిగా ఎంతవరకు నిలబడుతుందో తెలుస్తుంది. క్వీర్ కవికి ఇందులో ఒక ప్రమాదం ఉంది. "ఈ నువ్వు ఆడా మగా?" అని పదిహేను నిమిషాలూ గది వాదించుకుంటే, జవాబు తెలిసిన ఒక్క మనిషీ నోరు మూసుకుని ఉండాలి. మీ వంతు అక్కడికే సరి.

రెండోది నృత్యకారిణి లిజ్ లెర్మన్ రూపొందించిన నాలుగు మెట్ల పద్ధతి. ముందు విన్నవాళ్ళు తమకు ఏది తాకిందో చెబుతారు. తర్వాత కవి తన ప్రశ్నలు అడుగుతారు: "మూడో చరణంలో మనిషి మారినట్టు తెలుస్తోందా?" లాంటివి. ఆ పైన విన్నవాళ్ళు అభిప్రాయం కలపకుండా ప్రశ్నలు వేస్తారు. చివరికి "ముగింపు గురించి నాకో అభిప్రాయం ఉంది, వింటారా?" అని అనుమతి తీసుకుని చెబుతారు. కవి వద్దనొచ్చు. దీనికి 20 నిమిషాలు పడుతుంది. తొందరపెడితే మూడో మెట్టు దాటేసి నేరుగా తీర్పుల్లోకి దూకుతారు. ఇంట్లో, ఆఫీసులో ఎప్పుడూ సంజాయిషీ చెప్పుకుంటూ ఉండే మనుషులకు, ప్రశ్న వేసే హక్కు ముందు తమకే రావడం చాలా మేలు చేస్తుంది. కొత్త బృందానికి ఈ పద్ధతినే ఎంచుకోమంటాం.

మూడోది ఆమ్హర్స్ట్ పద్ధతి, 1980ల్లో పాట్ ష్నైడర్ మొదలుపెట్టినది. అప్పుడే రాసిన చిత్తుప్రతి మీద ఏది బలంగా ఉంది, ఏది గుర్తుండిపోయింది అన్నదే మాట్లాడతారు. చదివినదంతా కల్పన అనే లెక్కలో తీసుకుంటారు. అంటే "నీకు ఇలా జరిగిందా" అనకుండా "కవితలో మాట్లాడుతున్న మనిషి" అనాలి. దిద్దుబాటుకు ఇది ఒక్కటే చాలదు గానీ, ఈ కల్పన నియమాన్ని మాత్రం ఏ పద్ధతి నడిపే బృందమైనా పెట్టుకుని తీరాలి. ఒకరు తండ్రి మీద రాసిన కవితకు "మీ నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?" అన్న ప్రశ్న వచ్చిందంటే అక్కడితో కవిత్వం ఆగి పరామర్శ మొదలవుతుంది. ఆ తర్వాతి కవి తను తెచ్చింది సంచిలోనే ఉంచేసి, ప్రమాదం లేని ఇంకోటి చదువుతారు.

నిర్వాహకులను "మీరు ఏ పద్ధతి వాడతారు?" అని అడిగినప్పుడు ఈ పేర్లు చెప్పక్కర్లేదు. "కవి మాట్లాడొచ్చా, ఎప్పుడు? సొంత జీవితం గురించి ప్రశ్నలు వస్తే ఆపుతారా?" అన్నదానికి వెంటనే స్పష్టమైన జవాబు వస్తే చాలు. "మాది చాలా స్నేహపూర్వక వాతావరణం" అన్నది ఈ ప్రశ్నకు జవాబు కాదు.

పాఠ్యక్రమం, నేర్పేవాళ్ళు

వారాల పేర్లు చూడండి. "గుర్తింపు", "బయటపడటం", "కుటుంబం", "దేహం" అని విషయాల వరస మాత్రమే ఉంటే, ఆరు వారాలూ అనుభవాలు చెప్పుకోవడంతో గడిచిపోయే అవకాశం ఎక్కువ. అది అవసరమే, దానికి సహాయ బృందాలు ఉన్నాయి. కవిత్వ కోర్సులో వారానికి ఒక పని ఉండాలి: ఒక వారం దృశ్యం, ఒక వారం ఎవరితో మాట్లాడుతున్నాం అన్నది, ఒక వారం పాద విభజన, ఒక వారం శబ్దం, లయ, ఒక వారం దిద్దుబాటు, చివరి వారం గట్టిగా చదవడం. విషయం ఎలాగూ మీతోనే వస్తుంది. వారం వారం వేదననే అడిగే కోర్సు మీ సంతోషాన్నీ, కోరికనూ, వంటింటి కబుర్లనూ కవితకు పనికిరానివిగా తేల్చేస్తుంది.

అభ్యాసాల్లో కొలత ఉన్నవి కొన్నయినా ఉండాలి. నాలుగు పాదాల్లో 20 నుంచి 25 అక్షరాలకు మించని నానీ ఒకటి, 3, 4, 3, 4 మాత్రలతో నడిచే ముత్యాల సరం ఒకటి, ఆటవెలది ఒకటి చేయించినా చాలు. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు, రెండు, నాలుగు పాదాలకు ఐదు సూర్య గణాలు కదా, ఆ లెక్కలో ఒక రహస్యం ఇమడ్చమంటే అనవసరమైన మాట దానంతట అదే రాలిపోతుంది. వచన కవితే రాస్తామన్నవాళ్ళకూ చెవి తయారవుతుంది. సంప్రదాయంలోంచి తీసుకోదగినవీ ఉన్నాయి: 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో మగకవి నాయిక గొంతుతో మాట్లాడతాడు. మరొకరి గొంతు తొడుక్కుని రాయడానికి తెలుగులో అంతకన్నా దగ్గరి ఉదాహరణ వెతకనక్కర్లేదు. చదవాల్సిన జాబితాలో ఒక్క తెలుగు పేరూ లేకపోతే ఎందుకని అడగండి.

నేర్పేవాళ్ళు క్వీర్ అయి ఉండాలా? అయితే మంచిది, వివరణ భారం తగ్గుతుంది. కానీ క్వీర్ అయి చిత్తుప్రతులు చదవనివాళ్ళకన్నా, క్వీర్ కాకపోయినా ప్రతి కవిత మీదా పాదం పాదానికీ రాతపూర్వక వ్యాఖ్యలు ఇచ్చేవాళ్ళే మీ కవితకు ఎక్కువ చేస్తారు. అలాంటి వ్యాఖ్యల నమూనా ఒకటి చూపించమని అడగొచ్చు. నేర్పే మనిషి క్వీర్ కాకపోతే, పక్కన సమాన హోదాలో ఒక క్వీర్ కవి ఉన్నారా అని చూసుకోండి.

ఏ భాషలో

హైదరాబాద్‌లో క్వీర్ రచయితల కూడికలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో సాగుతాయి. దానివల్ల కొందరు మొదటి వారంలోనే వెనక్కి తగ్గుతారు, ముఖ్యంగా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, హిజ్రా సమాజం నుంచి వచ్చినవాళ్ళు. చెన్నైలో 2018లో మొదలైన క్వీర్ సాహిత్యోత్సవం తమిళానికి పెద్ద చోటు ఇచ్చింది. మన భాషలోనూ అది కుదరనిదేం కాదు.

తెలుగులో రాసేవాళ్ళకు తెలుగు గది ఎందుకు కావాలంటే, మన వ్యాకరణం ఈ విషయంలో ప్రత్యేకం. నేను, నువ్వు అన్నంతవరకు క్రియలో లింగం బయటపడదు. "వచ్చాను", "వెళ్ళిపోయావు" ఎవరు ఎవరితో అన్నా ఒకటే. హిందీలో "నేను వెళ్తున్నాను" అన్నా తెలిసిపోతుంది. మనకు చిక్కు మూడో మనిషి దగ్గర వస్తుంది: "వచ్చాడు", లేదా "వచ్చింది". "వచ్చారు" అంటే గౌరవం, దాంతోపాటు దూరం వచ్చి కూర్చుంటాయి. "తను" అని మొదలుపెట్టినా వాక్యం చివర క్రియ పట్టేస్తుంది. అయినా దారులున్నాయి. "తను రాలేదు", "వచ్చి ఉండొచ్చు", "వస్తూ వస్తూ", "తన రాక" వీటిలో లింగం లేదు. నాన్‌బైనరీ మనిషి గురించి, లేదా పేరు చెప్పదలచుకోని ప్రియమైన మనిషి గురించి రాసేవాళ్ళకు ఇది మొత్తం ఒక సెషన్‌కి సరిపోయే పని. ఇంగ్లిష్ సర్వనామాల మీద గంట గడిపే తరగతిలో దీని ఊసే రాదు.

తెలుగు వర్క్‌షాప్ అయినా మూడు విషయాలు కనుక్కోండి. తెలుగు మాట్లాడుతూ లిపి చదవలేనివాళ్ళకు ఆడియోనో, ఇంగ్లిష్ అక్షరాల్లో ప్రతినో ఇస్తారా? నోటితో కట్టి వినిపించేవాళ్ళ కవితను రాసిపెట్టేవాళ్ళు ఉన్నారా? తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసల్లో రాస్తే "సరిచేసి" పుస్తక భాషలోకి మారుస్తారా? చివరిదానికి అవునని జవాబు వస్తే వేరేది వెతుక్కోవడం మంచిది.

మీ పేరు ఎక్కడెక్కడ బయటపడుతుంది

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను పెద్దల పరస్పర అంగీకార సంబంధాలకు వర్తించకుండా కొట్టేసింది. వర్క్‌షాప్‌కు వెళ్ళడంలో చట్టపరమైన భయం లేదు. భయమంతా ఇల్లు, అద్దె ఇంటి ఓనరు, ఆఫీసు, పెళ్ళి సంబంధాల దగ్గర. చాలామంది నిర్వాహకులు మంచివాళ్ళే, గోప్యత పాటిస్తామనే చెబుతారు. పేరు జారిపోయేది మనుషుల నోటి నుంచి కన్నా మామూలు పనిముట్ల నుంచి.

డబ్బు కట్టేటప్పుడు యూపీఐలో మీ బ్యాంకు ఖాతా పేరు అవతలివాళ్ళకు కనిపిస్తుంది. కలం పేరుతో చేరాలనుకుంటే, నిర్వాహకుల్లో ఒక్కరికే అసలు పేరు తెలిసేలా ఏర్పాటు అడగండి, లేదా మొదటి రోజు నగదు ఇస్తానని చెప్పండి. వాట్సాప్ గ్రూపులో చేరగానే మీ నంబరు అందరికీ తెలుస్తుంది. ఆ నంబరు మీ చుట్టాల ఫోన్లలో ఏ పేరుతో ఉందో, ప్రొఫైల్ ఫోటోలో ఎవరున్నారో ఆలోచించుకోండి. సిగ్నల్‌లో యూజర్‌నేమ్‌తో, టెలిగ్రామ్‌లో నంబరు దాచిపెట్టి చేరొచ్చు. గూగుల్ డాక్స్‌లో వ్యాఖ్య రాస్తే ఖాతా పేరు పక్కనే పడుతుంది. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో కంప్యూటర్ యజమాని పేరు ఉండిపోతుంది, అది అన్నయ్య ల్యాప్‌టాప్ అయితే అన్నయ్య పేరు. వర్క్‌షాప్ కోసం కలం పేరుతో వేరే ఈమెయిల్ తెరిస్తే వీటిలో సగం తీరిపోతాయి.

జూమ్‌లోకి వెళ్ళాక పేరు మార్చుకుంటే పాత పేరు కొన్ని క్షణాలు కనిపిస్తుంది, కాబట్టి లోపలికి వెళ్ళే ముందే మార్చుకోవాలి. రికార్డింగ్ లేదన్నా సరిపోదు. ఎవరో ఒకరి నోట్స్ రాసే బాట్ తనంతట తానే మీటింగ్‌లో చేరి మాటలన్నీ రాసుకుంటుంది. "అలాంటి బాట్‌లను బయటికి పంపుతాం" అన్న నియమం ఉందా అని అడగండి. నేరుగా కలిసే చోటు అపార్ట్‌మెంట్‌లోనో కో-వర్కింగ్ ఆఫీసులోనో అయితే గేటు దగ్గర పేరు, ఫోన్, కొన్నిచోట్ల ఫోటో కూడా తీసుకుంటారు. ట్రాన్స్ మనిషికి అక్కడ గుర్తింపు కార్డు అడిగితే పాత పేరు గట్టిగా చదివే ప్రమాదం ఉంది. మంచి నిర్వాహకులు గేటు దగ్గర తమ మనిషిని నిలబెడతారు. మరుగుదొడ్డి ఎవరైనా వాడుకోగలిగేదా, సాయంత్రం తిరుగు ప్రయాణానికి బస్సు, మెట్రో దగ్గరా అన్నది కూడా ఇదే ఊపులో అడిగేయండి.

ఫోటోల విషయంలో "వద్దన్నవాళ్ళను తీయం" అనడం కన్నా "కావాలని ముందుకొచ్చినవాళ్ళనే, చివర్లో, విడిగా తీస్తాం" అనడం చాలా మేలు. మొదటి పద్ధతిలో అందరి ముందూ చెయ్యెత్తి వద్దని చెప్పాల్సి వస్తుంది. సర్టిఫికెట్ మీద ఏ పేరు వేయాలో కూడా ముందే చెప్పండి.

కోర్సు చివర సంకలనం వేస్తామంటే సంతోషించే ముందు నాలుగు మాటలు రాతలో తీసుకోండి: ఏ పేరుతో వేస్తారు, ప్రూఫ్ చూపిస్తారా, అచ్చుకు ముందు వెనక్కి తీసుకునే గడువు ఎప్పటిదాకా, తర్వాత వేరేచోట వేసుకునే హక్కు మీకుంటుందా. కవిత రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1957 కాపీరైట్ చట్టం కలం పేరుతో వచ్చిన రచనలకూ వర్తిస్తుంది. కానీ చాలా పత్రికలు, పోటీలు "ఎక్కడా ప్రచురితం కానివి" అని అడుగుతాయి. సంకలనంలోనో ఫేస్‌బుక్‌లోనో వచ్చిన కవిత అక్కడికి పనికిరాకపోవచ్చు, అందుకని మీ అన్నిటికన్నా మంచి కవితను పత్రిక కోసం దాచుకుని, రెండోదాన్ని సంకలనానికి ఇవ్వండి. ప్రూఫ్ తప్పకుండా చూడాలి. యూనికోడ్‌లో రాసినదాన్ని అచ్చుపనిలో వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, పొడుగు పాదాలు విరిగి రెండో వరసలోకి పడతాయి, మీరు విరిచిన చోటు పోతుంది.

18 ఏళ్ళు నిండనివాళ్ళను చేర్చుకోని వర్క్‌షాప్‌ను తప్పుపట్టకండి, అది బాధ్యత తెలిసినవాళ్ళు చేసే పని. ఏదైనా కవిత ఎవరినైనా బాగా కలచివేస్తే ఏం చేస్తారన్నదీ ముందే ఉండాలి: పక్కకు తీసుకెళ్ళి కూర్చునే ఒక మనిషి, ఖాళీ గది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇంతవరకు ఆలోచించినవాళ్ళు మిగతావీ ఆలోచించే ఉంటారు.

మీ ఊళ్ళో ఏదీ లేకపోతే

రాజమండ్రిలోనో వరంగల్‌లోనో తిరుపతిలోనో ఉండి, పైవేవీ కుదరకపోతే ఐదుగురు చాలు. పదిహేను రోజులకోసారి 90 నిమిషాలు: 10 నిమిషాలు కుదురుకోవడానికి, 15 నిమిషాలు రాయడానికి, తర్వాత ఒక్కోదానికి 20 నిమిషాల చొప్పున 3 కవితలు, చివరి 5 నిమిషాలు తర్వాతి తేదీకి. మూడు నెలల్లో ఆరు సమావేశాలు, 18 వంతులు, తలా మూడుకు పైనే. ఏ డబ్బు కట్టే కోర్సుకూ ఇది తీసిపోదు. కవితలు పేరు లేకుండా కాగితం మీద తెచ్చి, అయ్యాక ప్రతులన్నీ కవికే తిరిగి ఇచ్చేయండి. సమయం చూసే పని ప్రతిసారీ ఒకరు మారి తీసుకోవాలి, ఆ రోజు తన కవిత లేనివాళ్ళయితే మేలు. ఇలాంటి బృందాలు చెడిపోయేది ఒక్కరే గురువైపోయినప్పుడు, లేదా కబుర్లు మొదటి అరగంటను తినేసినప్పుడు. కబుర్లు కావాల్సినవే, వాటిని చివరికి జరపండి.

డబ్బు కట్టే ముందు

నిర్వాహకులకు ఒక చిన్న సందేశం పంపండి. ఎంతమందిని తీసుకుంటున్నారు, నా కవితకు ఎన్ని వంతులు, సొంత జీవితం గురించి ప్రశ్నలు వస్తే ఆపేది ఎవరు, కలం పేరుతో చేరొచ్చా, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, ఫీజు తగ్గింపు సీట్లు ఉన్నాయా, వాటికి ఏ రుజువు అడుగుతారు. తగ్గింపు సీటు కోసం ట్రాన్స్ గుర్తింపు కార్డో కుల ధ్రువీకరణ పత్రమో పంపమంటే, అది ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు అని కూడా అడగాలి. అడిగితే చాలు ఇచ్చే కోర్సులూ ఉన్నాయి, అవే మెరుగు.

చేరాక రెండు సెషన్ల వరకు చూడండి. మొదటిది ఎక్కడైనా బిగుసుకునే ఉంటుంది. రెండో సెషన్ తర్వాత కూడా కవిత వదిలేసి మనిషి గురించే మాట్లాడుతుంటే, ముందుగా నిర్వాహకులకు ఆ సెషన్ తేదీ, అన్న మాట రాసి పంపండి. మూడో సెషన్‌లో మార్పు లేకపోతే మానేయండి. మానేసేటప్పుడు మీ కవితలున్న డ్రైవ్ ఫోల్డర్ నుంచి ఫైళ్ళు తీసేయమని, సంకలనంలోంచి పేరు తొలగించమని, వాట్సాప్ గ్రూపులో పెట్టిన ప్రతులు ఎవరూ ముందుకు పంపొద్దని ఒకే సందేశంలో రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే గ్రూపులోంచి బయటికి రండి.